ముఖం తటస్థమయ్యేదాకా

సినిమా బాగుందో బాగాలేదో ప్రజలు తమలో తాము చెప్పేసుకోవడం ఎంత ప్రమాదకరమో పాలకులు ఆలస్యంగా గుర్తించారు. గుర్తించిన తరువాత మాత్రం క్షణం ఆలస్యం చేయలేదు.

అంతవరకు కాకినాడలో అమలులో ఉన్న పద్ధతి ఇది. శుక్రవారం మార్నింగ్ షో వదులుతారు. లోపలివాళ్ళు బయటికి వస్తారు. మ్యాట్నీకి నిలబడ్డవాళ్ళు “ఎలా ఉంది?” అని అడుగుతారు. వచ్చినవాళ్ళు చెబుతారు. దీనికి శిక్షణ లేదు, అర్హత లేదు, పై అధికారి అనుమతి లేదు. హేమాహేమీలు మూడు ఖండాలు తిరిగి తీసిన చిత్రాన్ని కిళ్ళీ నములుతున్న ఒక మనిషి “ఎందుకులెండి, ఇంటికెళ్ళి పడుకోండి” అన్న ఒక్క మాటతో కూలదోసేవాడు. నిర్మాతలూ పంపిణీదారులూ ఏకమై ఈ దౌర్జన్యాన్ని విన్నవించుకోగా పాలకుల హృదయం ద్రవించింది. ‘ప్రేక్షకాభిప్రాయ సంరక్షణ సంస్థ’ అవతరించింది. అభిప్రాయాలు లేకుండా చేయవలసిన సంస్థకు అభిప్రాయ సంరక్షణ అని పేరు పెట్టడంలో వారికి ఏ వైరుధ్యమూ కనిపించలేదు.

సంస్థ మొదటి ఉత్తర్వును రత్నమాల టాకీస్ గోడకు అంటించారు. “చలనచిత్రమును చూచిన ఏ వ్యక్తియు, విడుదలైన నాటినుండి పక్షము రోజులు ముగియువరకు, తత్సంబంధమైన అభిప్రాయమును వాక్కుచేత గాని, వ్రాతచేత గాని, ముఖముచేత గాని వ్యక్తపరచరాదు.”

హైమవతి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. వాక్కు అర్థమైంది. వ్రాత అర్థమైంది. మూడోదాని దగ్గర కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ఆవిడ మహిళా కళాశాలలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. చదవని కావ్యం తక్కువ, చూడని సినిమా అంతకంటే తక్కువ. శుక్రవారం మ్యాట్నీ ఆవిడకు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఉద్యోగం తరువాతి స్థానంలో ఉండేది. ఉద్యోగం పోయాక మొదటి స్థానానికి వచ్చింది. ఒకప్పుడు పక్క సీట్లో రాజ్యం ఉండేది. రాజ్యం అంటే రాజ్యలక్ష్మి, పురపాలక గ్రంథాలయంలో పనిచేసి, హైమవతితోపాటే పదవీ విరమణ చేసిన స్నేహితురాలు. కిందటి వానాకాలంలో మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. రెండు శస్త్రచికిత్సలైనా నడక రాలేదు. రామారావుపేటలో ఒక మేడమీద గదిలో కిటికీ పక్క మంచం వేశారు. అప్పటినుంచి వాళ్ళ ఏర్పాటు మారింది. హైమవతి ఒక్కతే సినిమా చూసి, అక్కడినుంచి నేరుగా ఆ మంచం దగ్గరికి వెళ్ళి, చూసినదాన్ని చీల్చి చెండాడుతుంది. రాజ్యం కాఫీ తాగుతూ వింటుంది, మధ్యలో రెండు వేట్లు తనూ వేస్తుంది. “సినిమా నువ్వు చూడు, తిట్టు నాకు తే” అని రాజ్యం పెట్టిన ఒప్పందం. ఆ మంచంమీదికి కిటికీలోంచి వచ్చే గాలి తరువాత, వారంలో కొత్తగా వచ్చేది అదొక్కటే.

ఉత్తర్వు వచ్చిన తరువాతి మొదటి శుక్రవారం విడుదలైన చిత్రం ‘తలుపు వెనక తలుపు’. పోస్టర్‌మీద కథానాయకుడు ఒక ముఖంతో కుడికీ ఇంకో ముఖంతో ఎడమకీ చూస్తున్నాడు. కింద ‘ఊపిరి బిగబట్టించే థ్రిల్లర్’ అని రాసి ఉంది.

హాల్లో కొత్త ఏర్పాట్లు జరిగాయి. నడవల్లో ముఖ పరిశీలకులు టార్చిలైట్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ చూపు ప్రేక్షకులమీద ఉండాలి కనుక వీపు తెరమీద ఉంది. తెరకు సరిగ్గా ముందు, అందరికంటే నిటారుగా, ప్రాంతీయ అభిప్రాయాధికారి నృసింహమూర్తిగారు నిలబడ్డారు. వారు తూనికలు కొలతల శాఖలో చిరకాలం పనిచేసి, రాళ్ళకు సీళ్ళు వేయడంలో చూపిన దక్షతకు గుర్తింపుగా అభిప్రాయాలకు బదిలీ అయినవారు. కిందివాళ్ళమీద నమ్మకం లేక నాలుగాటలూ తామే నిలబడుతున్నారు.

ఇంటర్వల్‌కు కాస్త ముందు కథానాయకుడైన డిటెక్టివు చచ్చిపోయిన జమీందారు కాఫీకప్పు అడుగున తెల్లటి పొడి చూశాడు. వేలు అద్దాడు. నాలుకమీద రాసుకున్నాడు. కళ్ళు చికిలించి “పొటాషియం సయనైడ్” అన్నాడు. వెనక నుంచి వయొలిన్లు లేచాయి. తరువాత అతడు ఆ జమీందారు కూతురితో మంచుకొండల్లో పాట పాడాడు.

హైమవతి నవ్వింది. పెద్ద నవ్వేమీ కాదు. ముప్ఫైమంది పిల్లలున్న లాబొరేటరీలో ఒక పిల్ల పరీక్షనాళికలో ఉన్నదేమిటో రుచి చూసి చెబుతానంటే టీచరు నవ్వే నవ్వు. కాని నాలుగు టార్చిలైట్లు ఒకేసారి ఆవిడ ముఖంమీద పడ్డాయి.

ఆట వదిలాక ప్రేక్షకులను నేరుగా బయటికి పంపలేదు. సైకిల్ స్టాండును ‘తటస్థ మందిరం’గా మార్చారు. అందులో బెంచీలు వేసి, ముఖంలోని భావం పూర్తిగా ఇంకిపోయేవరకు జనాన్ని కూర్చోబెడుతున్నారు. ఎదురుగా గోడమీద, అనుసరించవలసిన నమూనాగా, ఒక పెద్ద ఫొటో ఉంది. అది సంస్థ ఛైర్మన్‌గారిది. అంతకంటే ఏ భావమూ లేని ముఖం కోసం చాలాచోట్ల వెతికారనీ, దొరకలేదనీ చెప్పుకున్నారు.

గేటు దగ్గర సత్తిబాబు జనాన్ని ఒక్కొక్కరినీ తేరిపార చూసి వదులుతున్నాడు. టికెట్లు చించే సత్తిబాబుకే ముఖాల పని అప్పగించారు.

“నువ్వెళ్ళు. నువ్వుండెహే, నీ మొహంలో ఇంకా విసుగుంది. ఇంకాసేపు కూచుని రా” అంటున్నాడు ఒక కుర్రాడితో.

“ఇది విసుగు కాదన్నా. నా మొహమే ఇంత.”

“ఆ ముక్క మీవోళ్ళ చేత చెప్పించాలి. కూచో.” హైమవతిని చూసి సత్తిబాబు గొంతు తగ్గించాడు. “మేడంగారండి, మీరు నవ్వేరంటండి. లోపల్నించి కబురొచ్చిందండి. అయ్యగారు రమ్మంటన్నారండి. ఆయ్.”

నృసింహమూర్తిగారు క్యాంటీన్‌లో సమోసాల అలమార పక్కన కుర్చీ వేసుకుని ఉన్నారు.

“కూర్చోండమ్మా. చదువుకున్నవారు, మీకు చెప్పేటంతటివాణ్ణి కాను. కాని థ్రిల్లర్‌లో నవ్వు కల్తీ కిందికి వస్తుంది. కందిపప్పులో రాయి ఎలాంటిదో భయంలో నవ్వు అలాంటిది.”

“ఆ నవ్వు తెరమీద ఉన్నదానివల్ల వచ్చింది. కలిపింది నేను కాదు” అంది హైమవతి.

“తెరమీద ఏముందో నాకు తెలియదమ్మా. తెలియకూడదు కూడా. నేను వీపు పెట్టి నిలబడతాను. నాకు వినపడుతుంది, అంతే.” ఆయన కొంచెం ముందుకు వంగాడు. “చివర్లో ఒక తలుపు కిర్రుమంటుంది కదమ్మా. అప్పుడు జనం మొత్తం...” అని, ఏదో గుర్తు వచ్చినవాడిలా ఆగి, దగ్గి, వెనక్కి ఆనుకున్నాడు. “సరే. ఈసారికి హెచ్చరిక. మళ్ళీ జరిగితే మీ వీక్షణార్హత శాశ్వతంగా రద్దవుతుంది. ఇక ఏ హాల్లోకీ రానివ్వరు. మీ అభిప్రాయం ఏ ఇంట్లో బయటపడ్డా శిక్ష అదే. మీరు ప్రతి శుక్రవారం వెళ్ళే రామారావుపేటకు కూడా అభిప్రాయ మిత్రుణ్ణి నియమించాం.”

ఆ అభిప్రాయ మిత్రుడు రాజ్యం వాళ్ళ కింది వాటాలోనే ఉంటాడని హైమవతికి మెట్లెక్కుతుండగా తెలిసింది. ఆయన రిటైరైన సబ్ రిజిస్ట్రారు. కుర్చీ మెట్ల కిందికి జరుపుకుని, చెవి పైకి పెట్టి, పత్రిక తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

రాజ్యం దిళ్ళమీద లేచి కూర్చుని ఉంది. కోడలు వాణి కాఫీలు తెచ్చి పెట్టింది.

“ఊఁ, చెప్పు. ఎలా ఉంది?”

“ఉంది” అంది హైమవతి.

“ఉందంటే?”

“తెరమీద ఉంది. చూశాను.”

“జ్వరమేమైనా వచ్చిందటే నీకు?”

హైమవతి తలుపు వేసి, ఉత్తర్వు సంగతి గొంతు తగ్గించి చెప్పింది. రాజ్యం మొదట నవ్వింది. నవ్వులో తోడు దొరక్క ఆగిపోయింది.

“నిజంగానే చెప్పవా? మంచంమీద పడ్డదాన్ని, నాకు చెబితే వాళ్ళ సినిమా ఆగిపోతుందా?”

“నీకు చెబితే నువ్వు వాణికి చెబుతావు. వాణి పాలవాడికి చెబుతుంది.”

“చెప్పక దాచుకుంటుందేమిటి?”

“ఇన్నేళ్ళు ప్రశ్నపత్రాలు తయారుచేశానే రాజ్యం. నా నోటినుంచి ఒక్క ప్రశ్న బయటికి రాలేదు. నియమం అడ్డగోలుదైనా నియమమే. అదీకాక, నన్ను హాల్లోకి రానివ్వకపోతే ఇక నీకు సినిమా తెచ్చేదెవరు?”

“ఇవాళ తెచ్చావా మరి?”

హైమవతి కాఫీ కప్పు పక్కకు జరిపింది.

“పక్షం రోజులు. ఆపై శుక్రవారానికి గడువు తీరిపోతుంది. అప్పుడు వడ్డీతో కలిపి చెబుతాను. తోలు వలిచి చెబుతాను.”

రాజ్యం కిటికీవైపు తిరిగింది. ఎదురింటి గోడమీద ఆ రెండు ముఖాల పోస్టరు కనిపిస్తోంది. “నీకు పక్షం రోజులే హైమా. శుక్రవారం నువ్వొస్తావని నేను గురువారం గడుపుతున్నాను. అవతల శుక్రవారం లేకపోతే ఈ గురువారాలన్నీ ఎందుకో నువ్వే చెప్పు” అంది. తరువాత కప్పు వాణికి ఇచ్చేసి, నిద్ర వస్తోందంది. అది సాయంత్రం ఆరుగంటల వేళ.

మరుసటి శుక్రవారం ‘మామ మళ్ళీ పడ్డాడు’ విడుదలైంది. అది హాస్యచిత్రమని పోస్టర్లవల్ల తెలుస్తుంది. వేరే ఆధారం లేదు.

ఈసారి హైమవతి జాగ్రత్త పడింది. వారం పొడవునా అద్దం ముందు కూర్చుని, గోడమీది నమూనాను తలచుకుంటూ, ముఖాన్ని ఖాళీ చేయడం అభ్యసించింది. కాని అలాంటి శ్రద్ధగల పౌరులను దృష్టిలో పెట్టుకునే సంస్థ ఈలోగా ఉత్తర్వును సవరించింది. హాస్యచిత్రంలో నవ్వకపోవడం కూడా ముఖముచేత వ్యక్తపరచిన అభిప్రాయమే. కనుక నవ్వవలసిన చోటు వచ్చినప్పుడల్లా గంట మోగుతుంది. గంట మోగినప్పుడు నవ్వాలి, ఆగినప్పుడు ఆగాలి. ఆ గంటను మూతపడ్డ ఒక ఎలిమెంటరీ స్కూలు నుంచి తెచ్చారు.

మామ అరటితొక్కమీద జారి పడ్డాడు. గంట మోగింది. హాలు నవ్వింది. మామ నిచ్చెనమీదినుంచి పడ్డాడు. గంట. మామ పెళ్ళిపందిట్లో పాయసం గుండిగలో పడ్డాడు. గంట. లావుగా ఉన్నందుకు ఒక వంటమనిషిని నలుగురు వరసగా చెంపదెబ్బలు కొట్టారు. గంట చాలాసేపు మోగింది. హైమవతి ముందు వరసలోని ఒక పెద్దాయన నవ్వి నవ్వి దగ్గు తెరలో పడి, దగ్గులో కూడా గంట ఆగిందో లేదో వింటున్నాడు.

హైమవతికి నవ్వు రాలేదు. తెచ్చుకోవాలని చూసింది. దాచడం చేతనైన మనిషికి లేనిదాన్ని చూపడం చేతకాలేదు. ఇంటర్వల్‌లో తెరమీద ‘అసలు నవ్వులు ఇప్పుడే మొదలు’ అన్న అక్షరాలు కనిపించగానే ఆవిడ చేయి తనకు తెలియకుండానే కుర్చీ చేతిని బిగించి పట్టుకుంది. పరిశీలకుడు ఆ సంగతి నృసింహమూర్తిగారి చెవిలో వేశాడు.

ఒకే ప్రేక్షకురాలు థ్రిల్లర్‌లో నవ్వి, హాస్యచిత్రంలో భయపడిన సంఘటన సంస్థ స్వల్ప చరిత్రలో అదే మొదటిది. విచారణకు స్వయంగా ఛైర్మన్‌గారే దిగివచ్చారు. రత్నమాల బాల్కనీలో బల్లలు వేసి, తెల్లదుప్పటి పరిచి, నీళ్ళగ్లాసుమీద సాసరు మూత పెట్టారు. వారు ఫొటోలో ఉన్నట్టే ఉన్నారు.

“సభ్య సమాజమునందు హాస్యమునకు హాస్యస్థానము, భయమునకు భయస్థానము నిర్దేశింపబడి యున్నవి” అని ఛైర్మన్‌గారు ప్రారంభించారు. “తమరు రెంటినీ తారుమారు గావించినారు. కారణము?”

“సయనైడ్ నాకినవాడు పాట పాడలేడండి” అంది హైమవతి.

“అది తమ అభిప్రాయము.”

“కాదండి. అది కెమిస్ట్రీ.”

ఛైర్మన్‌గారు నృసింహమూర్తిగారివైపు చూశారు. ఆయన వంగి, “కెమిస్ట్రీ మన పరిధిలోకి రాదండి” అని మెల్లగా అన్నాడు.

“ఇంకా రాదు” అని ఛైర్మన్‌గారు సవరించారు.

“ఒక సందేహం. తమరు ఆ సినిమా చూశారా?” అని హైమవతి అడిగింది.

“చూడలేదు. ఈ బాధ్యత స్వీకరించిన పిదప ఏ చిత్రమునూ చూడలేదు. చూచినచో అభిప్రాయము కలుగు ప్రమాదము కలదు.”

“కాని ‘తలుపు వెనక తలుపు’ ఒక కళాఖండమని మొన్న తమరి ప్రకటన పత్రికలో చదివాను.”

“చదివియుందురు. ఉత్తర్వు ‘చూచిన ఏ వ్యక్తియు’ అని స్పష్టముగా పేర్కొన్నది. చూడని వ్యక్తికి అది వర్తింపదు. చూడనివారి అభిప్రాయమునకు ఆధారము లేదు. ఆధారము లేని అభిప్రాయమువలన ఎవ్వరికినీ హాని లేదు. దేశములో సద్విమర్శ ఏమాత్రము మిగిలినను వారివలననే మిగిలినది.”

హైమవతి ఆ మాటలు శ్రద్ధగా విన్నది. క్లాసులో ఒక పిల్ల తప్పు జవాబు చెబుతూ పొరపాటున సరైన సూత్రం పలికినప్పుడు విన్నట్టు విన్నది.

నృసింహమూర్తిగారు ముందుకు వచ్చి నిలబడ్డారు. “ఒక మనవి సార్. ఆవిడ నవ్వు నేను స్వయంగా విన్నాను. చిన్నదే కాని తూకానికి తగ్గలేదు, కల్తీ లేదు. గంటకు వచ్చిన నవ్వు కాదు. మా శాఖలో ఒక పద్ధతి ఉండేదండి. సీసా మీద నూనె అని రాసి ఉండి లోపల నెయ్యి ఉంటే, కొన్నవాణ్ణి పట్టుకోం. సీసా మీది చీటీ మారుస్తాం.”

ఛైర్మన్‌గారి ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఆలోచిస్తున్నారని దానివల్లనే తెలిసింది.

ఆ మధ్యాహ్నమే తీర్మానం వెలువడింది. నిఖార్సైన నవ్వు పుట్టించినట్టు రుజువైంది కనుక ‘తలుపు వెనక తలుపు’ ఇకమీదట హాస్యచిత్రం. ఎప్పటికి ముగుస్తుందోనన్న ఆందోళనతో ప్రేక్షకురాలి చేత కుర్చీ పట్టించింది కనుక ‘మామ మళ్ళీ పడ్డాడు’ థ్రిల్లర్. పోస్టర్‌లో రెండు ముఖాల కింద నెత్తుటి కత్తి పట్టుకున్న చేతి బొమ్మమీద ‘ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా’ అన్న కాగితం అంటించారు. పాయసం గుండిగలోంచి తేలుతున్న మామ కాళ్ళమీద ‘గుండె జబ్బులున్నవారు రావద్దు’ అని అంటించారు. రెండు చిత్రాలకూ జనం విరగబడ్డారు. సయనైడ్ దగ్గర గంట అవసరం లేకుండానే హాలు దద్దరిల్లింది. మామ నిచ్చెన ఎక్కుతుంటే ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. థ్రిల్లర్ దర్శకుడు సన్మానసభలో మాట్లాడుతూ, తాను మొదటినుంచీ తీయదలచింది హాస్యచిత్రమేననీ, తెలుగు ప్రేక్షకుల మేధస్సుమీద తనకు ఎన్నడూ అపనమ్మకం లేదనీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

హైమవతికి ఇందులో సంతోషించవలసింది ఒక్కటే కనిపించింది. వచ్చే శుక్రవారంతో మొదటి సినిమాకు పక్షం రోజులు నిండుతాయి. ఇక గొంతు తగ్గించకుండా రాజ్యంతో దాని సంగతి మాట్లాడవచ్చు. కాని గురువారం సత్తిబాబు ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడంగారండి, రెండు సినిమాలూ మళ్ళీ కొత్తగా రిలీజైనట్టు లెక్కంటండి. చీటీ మారింది గదండి. పచ్చం రోజులూ మళ్ళీ మొదట్నించంటండి. ఆయ్. ఇంకోటండి, మీ అభిప్రాయం చాలా విలువైందని తేలిందంటండి. అందుకని అది గవర్నమెంటుదంటండి. రేపొచ్చి అప్పజెప్పి పొమ్మన్నారండి.”

“విలువైనదైతే జనానికి చెప్పనివ్వాలి కదా, సత్తిబాబూ.”

“విలువైన వస్తువు రోడ్డుమీద పెడతారేటండి?” అన్నాడు సత్తిబాబు.

అభిప్రాయాన్ని స్వాధీనం చేసుకునే కార్యక్రమం శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో, తలుపులు మూసి, జరిగింది. హైమవతి తన అభిప్రాయాన్ని ఆద్యంతం నోటితో ప్రకటించి ప్రభుత్వపరం చేయాలి. నృసింహమూర్తిగారు స్వీకరించాలి. అయితే విన్నవాడికి అభిప్రాయం అంటుకుంటుంది కనుక స్వీకరించే అధికారి దాన్ని వినకూడదు. ఆయన జేబులోంచి దూది తీసి, రెండు చెవుల్లోనూ గట్టిగా కుక్కుకుని, సైగ చేశాడు.

హైమవతి చెప్పింది. కథానాయకుడి నాలుకతో మొదలుపెట్టి, భయానికి వయొలిన్లే తప్ప మరో దారి తెలియని సంగీత దర్శకుడినీ, హంతకుణ్ణి కనిపెట్టలేక కథలోకి కొత్త మనిషిని తెచ్చిన రచయితనూ పలకరించింది. మనిషి పడితే నవ్వు వస్తుందనీ, మళ్ళీ పడితే మళ్ళీ వస్తుందనీ నమ్మినవాళ్ళను పలకరించింది. వంటమనిషి చెంపల దగ్గర గొంతు ఇంకొంచెం చల్లబడింది. అది ఆవిడ జీవితంలో చేసిన అత్యుత్తమ విమర్శ. సమోసాల అలమార విన్నది. నృసింహమూర్తిగారు పెదవుల కదలికకేసి, ఆకలిగా ఉన్నవాడు హోటలు అద్దంలోంచి చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. చివర్లో ఆవిడ ముందు గాలిలో ముద్ర వేసినట్టు చేయి ఆడించాడు.

అక్కడినుంచి హైమవతి రామారావుపేట వెళ్ళింది. రాజ్యం ఈసారి లేచి కూర్చోలేదు. దిండుమీది తల కూడా తిప్పలేదు.

“వచ్చావా? ఇవాళ వాతావరణం గురించి మాట్లాడుకుందామా?”

“నేను మాట్లాడను. నువ్వు మాట్లాడు” అంది హైమవతి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని. “రాజ్యం, నువ్వు ఆ సినిమా చూశావా?”

“వెక్కిరిస్తున్నావా?”

“అడిగినదానికి చెప్పు. చూశావా?”

“లేదు.”

“అయితే దానిమీద నీకు అభిప్రాయం ఉండవచ్చు. ఆ సంస్థ ఛైర్మనే నా ముందు చెప్పాడు, ఆయనా చూడకుండానే కళాఖండమన్నాడు. చూసినవాళ్ళకే నోరు లేనిది. ఇదిగో, పోస్టరు ఎదురుగా ఉంది, పక్కన రెండోదానిది కూడా ఉంది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చున్నావు. కానీ.”

రాజ్యం తల తిప్పి హైమవతి ముఖంలోకి చూసింది. తరువాత మోచేతులమీద ఒరిగి పైకి లేవబోయింది. హైమవతి దిండు సర్దింది.

“పోస్టర్‌లో రెండు మొహాలున్నాయంటే కవలపిల్లలన్నమాట. ఒకడు తప్పిపోయి ఉంటాడు.”

హైమవతి కాఫీ తాగింది.

“డిటెక్టివుంటాడు. అన్నీ వాడికే తెలుస్తాయి. లాబొరేటరీలు, పోస్టుమార్టాలు మనబోటివాళ్ళకి.” రాజ్యం కళ్ళు మెల్లగా వెలగడం మొదలైంది. “విషం ఉందా ఇందులో? ఉంటుంది. వాడు దాన్ని ఏం చేసుంటాడు? హైమా, కొంపదీసి నాకి చూశాడా?”

హైమవతి కప్పు కింద పెట్టలేకపోయింది. కాఫీ చీరమీద ఒలికింది. ఆవిడ నవ్విన నవ్వుకు వంటింట్లోంచి వాణి పరుగెత్తుకు వచ్చింది.

“అయ్యో, నాకాడే” అని రాజ్యం కోడలికి చెప్పింది. “నాకి, ఆ తరువాత పాట పాడుంటాడు. ఎక్కడ? మంచులో. విషం తిన్నవాడికి చలవ చెయ్యాలి కదా.”

కింద కుర్చీ జరిగిన చప్పుడైంది. కాసేపటికి వీధిలో జీపు ఆగింది. మెట్లమీద బూట్ల చప్పుడు వినిపించి, గుమ్మంలో నృసింహమూర్తిగారు ప్రత్యక్షమయ్యారు. చెవుల్లో దూది ఇంకా అలాగే ఉంది.

“ఈ ఇంట్లో నవ్వు వినపడిందని ఫిర్యాదు వచ్చింది. అభిప్రాయం వ్యక్తం చేసిందెవరు?”

“నేను” అంది రాజ్యం.

ఆయన ఒక చెవిలో దూది తీసి మళ్ళీ అడిగాడు. రాజ్యం మళ్ళీ చెప్పింది.

“మీరు సినిమా చూశారామ్మా?”

“కిందటి వానాకాలంనుంచి ఈ పైకప్పు తప్ప ఏమీ చూడలేదు బాబూ. చూడనిదానిమీద మాట్లాడుతున్నాను. మీ ఛైర్మన్‌గారికంటే ఎక్కువేమీ చెయ్యడం లేదు.”

నృసింహమూర్తిగారు ఆలోచించారు. ఉత్తర్వును లోపల ఒకసారి చదువుకున్నట్టున్నాడు. “మరి ఆ నవ్వు?”

“అది నాది” అంది హైమవతి. “సినిమాకు నవ్వలేదు. ఈవిడ మాటకు నవ్వాను. స్నేహితురాళ్ళమీద తమకు ఉత్తర్వేమైనా ఉందా?”

“ఇంకా లేదమ్మా” అన్నాడాయన. వెళ్ళవలసిన మనిషి వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. రెండో చెవిలో దూది కూడా తీశాడు. దాన్ని ఉండచేసి, వేళ్ళమధ్య నలుపుతూ, తూనికలు కొలతల శాఖలో ఎన్నడూ వాడి ఉండని గొంతుతో అడిగాడు.

“అమ్మా, మీరు చూడలేదు కనుక మిమ్మల్ని అడగొచ్చు. నేనూ చూడలేదు. రోజూ నాలుగాటలు, తెరకి వీపు పెట్టి నిలబడుతున్నాను. చివర్లో ఆ తలుపు కిర్రుమంటుంది. జనం కళ్ళు ఇంతింతవుతాయి. నా వెనక ఏముందో అందరికీ తెలుసు, నాకు తప్ప. నిద్ర పట్టడం లేదు. ఆ తలుపు వెనక ఎవరుంటారమ్మా?”

హైమవతి కిటికీలోంచి బయటికి చూసింది. రాజ్యం ఆయన్ని జాలిగా చూసింది.

“ఇంకెవరుంటారు నాయనా? తప్పిపోయిన కవలవాడే.”

నృసింహమూర్తిగారి కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. కింది పెదవి ముందుకు జారింది. ముక్కు ఒక పక్కకు ముడుచుకుంది. శుక్రవారం మార్నింగ్ షో వదిలినప్పుడు, ఉత్తర్వులు లేని రోజుల్లో, రత్నమాల గేటు దగ్గర కిళ్ళీ నమిలే మనిషి ముఖం అచ్చం అలాగే ఉండేది.

“అంతేనా?” అన్నాడు.

“నృసింహమూర్తిగారూ,” అంది హైమవతి, “తమ ముఖం ఒకసారి చూసుకోండి. కింద తమ జీపులో పరిశీలకులున్నారు. టార్చిలైట్లు కూడా తెచ్చినట్టున్నారు.”

ఆయన చేత్తో ముఖం తడుముకున్నాడు. కిటికీలోంచి జీపుకేసి చూశాడు. మెట్లకేసి చూశాడు.

“అది పోయేదాకా కూర్చోండి” అంది రాజ్యం. “వాణీ, మాస్టారికి కూడా కాఫీ పెట్టమ్మా. ఇక రెండోదానికి వద్దాం. ఆ మామ, హైమా, పాయసంలో పడుంటాడా, సాంబారులోనా?”

నృసింహమూర్తిగారు దూదిని కిటికీలోంచి బయట పారేసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ముఖం తటస్థం కావడానికి ఆ సాయంత్రం వారికి చాలాసేపు పట్టింది.